గడ్డి ఇవ్వకుండా ఇటుకలు అడిగితే

(రేడియో ప్రసంగ పాఠం)

రేడియో దగ్గర కూర్చున్న పెద్దలకూ, పొయ్యి దగ్గర పని చేసుకుంటూ చెవి ఇటు పెట్టిన తల్లులకూ, రాత్రి డ్యూటీ ముగించుకొని ఇప్పుడే ఇంటికి చేరి చెప్పులు విప్పుతున్నవారికీ వందనాలు. ఈ చివర చెప్పానే, వారి గురించే ఈ ఉదయం మాట్లాడాలని ఉంది.

కొన్ని వారాల క్రితం ఒక సహోదరి మనకు ఉత్తరం రాసింది. పేరు, ఊరు చెప్పవద్దని కోరింది గనుక చెప్పను. ఆమె ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. ఇంతకు ముందు ఆ వార్డులో రాత్రిపూట నలుగురు నర్సులు ఉండేవారట. ఖర్చు తగ్గించాలని ఇద్దరిని తీసేశారు. మంచాలు తగ్గలేదు, రోగులు తగ్గలేదు, నింపవలసిన రిజిస్టర్లు మాత్రం ఇంకొకటి పెరిగింది. చేతి తొడుగులు కూడా లెక్కపెట్టి ఇస్తున్నారట. ఒక రాత్రి ఒక ముసలాయనకు సెలైను అయిపోయిన సంగతి ఆలస్యంగా చూశారు. ఆయనకేమీ కాలేదు, దేవునికి స్తోత్రం. కానీ మరునాడు ఉదయం ఈ సహోదరిని అందరి ముందూ నిలబెట్టి, పని దొంగ అన్నారు. ఉత్తరం చివర ఆమె ఒక ప్రశ్న అడిగింది. "అయ్యగారూ, నేను పైవారి దగ్గరకు వెళ్లి ఇది సరికాదు అని చెబితే అది సణుగుడు అవుతుందా? సణగడం పాపం అని చిన్నప్పటి నుంచి విన్నాను."

ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. ఎందుకో ఇంకాసేపట్లో చెబుతాను. ముందు మీ బైబిళ్లలో నిర్గమకాండము 5వ అధ్యాయం తీయండి.

మోషే అహరోనులు మొదటిసారి ఫరో ఎదుటికి వెళ్లిన రోజు అది. మూడు దినాల ప్రయాణానికి సెలవు అడిగారు. ఫరో సెలవు ఇవ్వలేదు సరికదా, అదే దినాన ఒక ఆజ్ఞ జారీ చేశాడు. ఇటుకలు చేసే ఈ జనానికి ఇక గడ్డి ఇవ్వవద్దు, వారే వెళ్లి తెచ్చుకోవాలి, ఇటుకల లెక్క మాత్రం నిన్నటిదే, ఒక్కటి తగ్గడానికి వీల్లేదు. ఇదీ ఆజ్ఞ.

ఇటుకకు గడ్డి ఎందుకు అని మన పట్టణపు పిల్లలు అడగవచ్చు. పల్లెలో మట్టిగోడ పెట్టినవారికి తెలుసు. ఉత్త మట్టి ఆరేటప్పుడు బిగుసుకొని పగుళ్లు ఇస్తుంది. తరిగిన గడ్డి వేసి తొక్కితే ఆ పోచలు మట్టిని పట్టి ఉంచుతాయి, లోపలి తడి సమంగా ఆరుతుంది. ఐగుప్తు ఇటుక కాల్చిన ఇటుక కాదు, నైలు నది ఒండ్రుమట్టితో చేసి ఎండలో ఆరబెట్టినది. రెఖ్మీరే అనే ఐగుప్తు మంత్రి సమాధి గోడ మీద ఈ పని అంతా బొమ్మలుగా ఉంది. నీళ్లు మోసేవారు, మట్టి కలిపేవారు, అచ్చు పోసేవారు, పక్కన కర్ర పట్టుకొని కూర్చున్న ఒక మనిషి. ఆ కర్ర మనిషి చేతికి మట్టి అంటినట్టు లేదు. పారిస్‌లో లూవ్రు మ్యూజియంలో రెండవ రామ్సెస్ రాజు కాలపు తోలు చుట్ట ఒకటి ఉంది. అందులో ఏ మేస్త్రీ ఎన్ని ఇటుకలు అప్పగించాలి, ఎన్ని అప్పగించాడు అన్న లెక్క ఉంది. ఒక్కొక్కరికి 2,000 ఇటుకలు. చాలామంది ఆ సంఖ్య దగ్గరకు చేరలేదు. వేల ఏళ్ల కిందట కూడా లెక్క రాసే గుమాస్తాలు ఉన్నారన్నమాట. నేనూ ఒకప్పుడు గుమాస్తానే గనుక ఆ సంగతి చదివినప్పుడు నాకు కొంచెం గుచ్చుకుంది.

ఇప్పుడు గమనించండి. ఫరో గడ్డి ఆపాడు. గడ్డి ఖర్చు పోయిందా? పోలేదు. ఇన్నాళ్లూ ఖజానా మోసిన ఖర్చు ఇప్పుడు ఆ జనుల కాళ్ల మీదికి వచ్చింది. వారు ఐగుప్తు దేశమంతా చెదిరిపోయి కొయ్యకాలు ఏరుకున్నారు. పొద్దంతా పొలాల వెంట తిరిగినవాడు మట్టి ఎప్పుడు తొక్కాలి? ఇటుకలు తగ్గాయి. తగ్గాక ఫరో ఏమన్నాడు? వీళ్లు సోమరులు అన్నాడు. రాజు కంటికి గడ్డి కనబడలేదు, పొలం కనబడలేదు, తన ఆజ్ఞ కనబడలేదు. సోమరితనం ఒక్కటే కనబడింది.

ఫరో చేసింది పొదుపు కాదండీ, శిక్ష అని మీలో ఎవరైనా అనవచ్చు. నిజమే. మన రోజుల్లో శిక్షించాలనే ఉద్దేశం లేకుండానే, మంచి మనసుతోనే, అదే పని చేస్తున్నారు. అదెలా జరుగుతుందో నేను దగ్గరగా చూశాను.

సేవలోకి రాకముందు నేను తొమ్మిదేళ్లు ఒక నూలు మిల్లులో లెక్కలు రాసేవాణ్ణి. ఆ మిల్లు పేరు అవసరం లేదు. ఒక సంవత్సరం నష్టం వచ్చింది. యజమానులు కొత్త మేనేజరును తెచ్చారు. ఆయన గురించి న్యాయంగా చెప్పాలి. బాగా చదువుకున్నవాడు. ఎవరినీ దురుసుగా మాట్లాడేవాడు కాదు. కంపెనీ సొమ్ము సొంతానికి ఒక్క రూపాయి వాడుకోలేదు. ఆయనకు తెలియనిది ఒక్కటే, మిల్లు. అంతకు ముందు వేరే వ్యాపారం చూసినవాడు. పొద్దున పదింటికి వచ్చి సాయంత్రం ఆరింటికి వెళ్లేవాడు. మిల్లు మూడు షిఫ్టులు నడుస్తుంది. రెండు షిఫ్టులు ఆయన ఎన్నడూ చూడలేదు.

ఒక రోజు నన్ను పిలిచి, ఉత్పత్తి లేని ఖర్చులన్నీ ఒక కాగితం మీద రాసి తెమ్మన్నాడు. నేను గీతలు కొట్టి గడులు వేశాను. పేరు, పని, జీతం, ఉత్పత్తి. రింగ్ ఫ్రేము దగ్గర పనిచేసేవారిని సైడర్లు అంటారు, వారి ఎదుట ఇన్ని కిలోల నూలు అని రాయవచ్చు. మరి ఆయిలు వేసేవాడి ఎదుట ఏం రాయాలి? ఆయన నూలు వడకడు. ఆయన పేరు ఎదురుగా ఉత్పత్తి గడిలో నేను ఒక అడ్డగీత గీశాను.

మేమంతా ఆయనను ఆయిలు తాత అనేవాళ్లం. చేతిలో పొడుగు ముక్కు ఆయిలు డబ్బా, చెవి మీద ఒక చెక్కపుల్ల. ఆ పుల్ల ఒక కొస బేరింగు మీద ఆనించి రెండో కొస చెవికి పెట్టుకొని కళ్లు మూసుకునేవాడు. డాక్టరుగారు రొమ్ము మీద గొట్టం పెట్టి వినరూ, అట్లాగే. "దీనికి జలుబు చేసింది, ఆదివారం విప్పాలి" అనేవాడు. మేము నవ్వేవాళ్లం. ఆదివారం విప్పితే లోపల గోళీలు అరిగి ఉండేవి.

ఆయిలు తాతనూ, ఇంకొక ఆయిలు మనిషినీ, దూది నూగు ఊడ్చే ఇద్దరు ఆడవాళ్లనూ తీసేశారు. రాత్రి మూడింటికి ఇచ్చే టీ కూడా ఆపారు. ఎవరి ఫ్రేముకు వారే ఆయిలు వేసుకోవాలి, ఎవరి చోటు వారే ఊడ్చుకోవాలి, నూలు లెక్క మాత్రం నిన్నటిదే అని నోటీసు అంటించారు. ఆ నోటీసు నేనే టైపు చేశాను. ఆదివారం గుడిలో పిల్లలకు నిర్గమకాండము చెప్పేవాణ్ణి, సోమవారం ఆ కాగితం టైపు చేశాను. రెండిటికీ సంబంధం ఉందని నాకు తట్టనే లేదు. ఇది మీకు వింతగా ఉండవచ్చు. నాకు ఇప్పుడు భయంగా ఉంటుంది.

మూడు నెలలు బాగానే గడిచింది. ఖర్చు తగ్గింది, కాగితం మీద స్పష్టంగా కనబడింది, మేనేజరుగారికి మెప్పు వచ్చింది. నాలుగో నెలలో ఒక రాత్రి ఏడో నంబరు ఫ్రేములో బేరింగు బిగుసుకుపోయి కాలిపోయింది. పక్కన పేరుకున్న దూది నూగు అంటుకుంది. తడి గోనెసంచులతో, ఇసుకతో కొట్టి ఆర్పారు. ఆ ఫ్రేము చూసే సైడరు ఇరవై ఏళ్ల పిల్లవాడు. కుడి అరచెయ్యి కాలింది. విడిభాగాలు కోయంబత్తూరు నుంచి వచ్చేదాకా ఫ్రేము పదకొండు రోజులు ఆగింది. నేను కుతూహలం కొద్దీ లెక్క వేశాను. ఆ పదకొండు రోజుల నష్టంతో ఆయిలు తాతకు ఆరేళ్లు జీతం ఇవ్వవచ్చు. ఆ లెక్క ఎవరూ అడగలేదు, నేనూ చూపించలేదు.

అడిగింది ఇంకొకటి. పిల్లవాడి నిర్లక్ష్యం వల్ల ప్రమాదం జరిగింది గనుక సంజాయిషీ ఇవ్వాలని మెమో టైపు చేయమన్నారు. చేశాను. ఆ పిల్లవాడు వచ్చి మెమో అందినట్టు వేలిముద్ర వేశాడు. అతనికి సంతకం వచ్చు. తెలుగులో చక్కగా రాసేవాడు. కుడిచేతికి కట్టు ఉంది గనుక ఎడమచేతి బొటనవేలు ముద్ర వేశాడు. సిరా నేనే పూశాను.

ఆ క్రిస్మసుకు నేను ఆయిలు తాత ఇంటికి వెళ్లాను. కేకు ముక్క తీసుకొని వెళ్లాను, నా మనసు నన్ను కొడుతుంటే. ఆయన మంచం వాల్చి కూర్చోబెట్టాడు. ఏడో నంబరు సంగతి చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. "నన్ను తీసేసే నాటికే అది దగ్గుతోంది బాబూ. నా బదులు ఎవరైనా వస్తారు, వాడికి చెప్పి వెళదామని గేటు దగ్గర సాయంత్రం దాకా ఉన్నాను. ఎవరూ రాలేదు" అన్నాడు. కాసేపాగి, "నువ్వు చీటీ రాసేటప్పుడు నన్ను ఒక మాట అడిగితే చెప్పేవాణ్ణి గదా" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు సుఖంగా ఉండేది.

శ్రోతలారా, మా మిల్లులో పోయింది ఒక ఫ్రేము, ఒక పిల్లవాడి అరచెయ్యి. ఇదే పద్ధతి ఇంకొక చోట ఎంతవరకు వెళ్లిందో మనకందరికీ తెలిసిన ఊరు పేరే చెబుతాను. భోపాల్.

1984 డిసెంబరు 2వ తేదీ ఆదివారం రాత్రి అక్కడి యూనియన్ కార్బైడ్ పురుగుమందుల కర్మాగారంలో 610 నంబరు ట్యాంకులోకి నీరు చేరింది. అందులో 40 టన్నులకు పైగా మిథైల్ ఐసోసయనేట్ అనే విష రసాయనం ఉంది. వేడెక్కి, ఆవిరై, నిద్రపోతున్న ఊరి మీద పడింది. ఈ మాత్రం అందరికీ తెలుసు. దానికి ముందు రెండేళ్లు ఆ కర్మాగారంలో ఏం జరిగిందో తక్కువమందికి తెలుసు. మందు అనుకున్నంతగా అమ్ముడుపోలేదు, నష్టాలు వచ్చాయి, ఖర్చు తగ్గించమని ఒత్తిడి మొదలైంది. ఆ రసాయనం దగ్గర ఒక్కో షిఫ్టుకు 12 మంది ఆపరేటర్లు ఉండేవారు, 6గురు చేశారు. రాత్రి షిఫ్టులో మరమ్మతులు చూసే సూపర్‌వైజరు పదవిని ప్రమాదానికి కొద్ది రోజుల ముందే తీసేశారు. గొట్టాలు కడిగేటప్పుడు నీరు ట్యాంకు వైపు వెళ్లకుండా మధ్యలో అడ్డుపలక పెట్టించడం ఆ శాఖవారి పని.

ఆ రసాయనాన్ని చల్లగా ఉంచవలసిన శీతలీకరణ యంత్రాన్ని 1984 జూన్‌లోనే ఆపేసి, అందులోని ఫ్రియాన్ వాయువును వేరే పనికి వాడుకున్నారు. దానితో మిగిలిన సొమ్ము ఆ కర్మాగారం ఖర్చులో చాలా చిన్న మొత్తం. తప్పించుకున్న వాయువును కాల్చివేసే గోపురం ఉంది, దానికి వెళ్లే గొట్టం తుప్పుపట్టిందని విప్పి పక్కన పెట్టారు, కొత్తది బిగించలేదు. వాయువును కడిగి శుభ్రం చేసే స్క్రబ్బరు ఆ రాత్రి నడుస్తూ లేదు. నీరు ఎలా చేరిందన్న విషయంలో కంపెనీ వాదన వేరు. ఎవరో కోపంతో కావాలని పోశారని వారు అంటారు. సరే, ఎలాగైనా చేరనీయండి. ఆపవలసిన యంత్రాలు ఆగిపోయి ఉన్నాయనే మాట మాత్రం నిలిచే ఉంది.

ప్రభుత్వం మొదట ప్రకటించిన మృతుల సంఖ్య 2,259. తరువాత ఏళ్లలో అది పెరిగింది. గాయపడినవారు 5 లక్షలకు పైగా. 1989లో కంపెనీ 47 కోట్ల డాలర్లు ఇచ్చి కేసు పరిష్కరించుకుంది. ఆ ఆవరణలో మిగిలిన 337 టన్నుల విష వ్యర్థాలను అక్కడి నుంచి తరలించింది ఎప్పుడో తెలుసా? 2025 జనవరిలో. 40 ఏళ్ల తరువాత. ఆ రాత్రి తల్లి కడుపులో ఉన్న బిడ్డలు ఇప్పుడు నలభై ఏళ్లవారు, వారిలో కొందరి ఊపిరితిత్తులు ఇంకా ఆ ఖర్చును కడుతూనే ఉన్నాయి.

మన విశాఖపట్నం వారికి ఇది దూరపు కథ కాదు. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరిన్ ఆవిరి లేచి 12 మంది చనిపోయారు. ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ నివేదిక ఇచ్చింది. ట్యాంకును చల్లబరిచే వ్యవస్థను రాత్రింబగళ్లు నడపలేదని, రసాయనం గడ్డకట్టకుండా కలపవలసిన మందు నిల్వ లేదని అందులో ఉంది. అది డబ్బు మిగుల్చుకోవడానికే అని నేను అనను. కానీ రాత్రిపూట చల్లదనం అక్కర్లేదని ఒక బల్ల దగ్గర కూర్చొని అనుకోవడం ఎంత సులువో, ఆ ట్యాంకు పక్క వీధిలో పడుకున్నవారికి అది ఎంత భారమో చెబుతున్నాను.

విషం ఉన్నచోటే ఇలా జరుగుతుందని కూడా అనుకోవద్దు. అమెరికాలో సర్క్యూట్ సిటీ అని టీవీలు, కంప్యూటర్లు అమ్మే పెద్ద దుకాణాల సంస్థ ఉండేది. గొప్ప కంపెనీలు ఎలా తయారవుతాయో చెప్పే ఒక పేరుపొందిన పుస్తకంలో 2001లో దానిని ఆదర్శంగా చూపించారు కూడా. 2007 మార్చిలో ఆ సంస్థ 3,400 మంది అమ్మకపు ఉద్యోగులను ఒకేసారి తీసేసింది. వారు తప్పు చేశారని కాదు. సంస్థ అనుకున్న రేటు కంటే వారి జీతం ఎక్కువైందని. జీతం ఎందుకు ఎక్కువైంది? ఎన్నో ఏళ్లుగా పనిచేసి, సరుకు గురించి బాగా తెలిసినవారు గనుక. వారి బదులు తక్కువ జీతానికి కొత్తవారిని పెట్టుకున్నారు. కావాలంటే పది వారాల తరువాత మీరూ ఆ తక్కువ జీతానికి దరఖాస్తు పెట్టుకోవచ్చని పాతవారికి చెప్పారు. కొనడానికి వచ్చినవాడు ఒక ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవాడు లేడు. 2008 నవంబరులో సంస్థ దివాలా పిటిషను వేసింది, 2009 మార్చికల్లా అన్ని దుకాణాలూ మూతపడ్డాయి. ఆ ఏడాది అమెరికా అంతటా ఆర్థిక సంక్షోభం ఉంది, పోటీ కూడా ఉంది, నిందంతా ఒక్క నిర్ణయం మీద వేయడం న్యాయం కాదు. అయినా ఓడ తుఫానులో చిక్కుకోబోయే ముందు సరంగులను దింపేశారు కదా.

అయితే పొదుపు తప్పా? కాదు. ఐదు వేలమందికి ఆహారం పెట్టిన ప్రభువే మిగిలిన ముక్కలు పారవేయనివ్వలేదు, పన్నెండు గంపలు ఎత్తించాడు. ముందు అందరూ తృప్తిగా తిన్నారు, ఆ తరువాత ముక్కలు ఏరారు. మనం ముక్కలు ముందే ఏరేస్తున్నాం.

నెహెమ్యాను చూడండి. యెరూషలేములో అధికారిగా పన్నెండేళ్లు ఉన్నాడు. అధికారికి రావలసిన ఆహారభత్యం ఆయన తీసుకోలేదు. జనుల మీద భారం ఎక్కువగా ఉందని గమనించి, ముందుగా తన పళ్లెం తగ్గించుకున్నాడు. ఆ మాట ఎక్కువగా ప్రసంగించబడదు, ఎందుకో మీరే ఊహించండి. ఆయన ప్రాకారం కట్టే చోటికి వెళ్లాడు, రాత్రిపూట తిరిగి పగిలిన గోడలను స్వయంగా చూశాడు. కట్టడం మొదలుపెట్టింది ఆ తరువాతే. బోయజు కూడా అంతే, పొలానికి వచ్చి కోతవారిని పలకరించాడు. రూతు కోసం పనలలో నుంచి కొన్ని వెన్నులు కావాలనే జారవిడవమన్నాడు. మా మేనేజరుగారు చూస్తే దానిని వృథా అని గడిలో రాసేవారు. నేను అడ్డగీత గీసేవాణ్ణి.

ఇక మన సంగతికి వద్దాం. మిల్లులకూ ఆసుపత్రులకూ బుద్ధి చెప్పడం సులువు. కొన్నేళ్ల క్రితం నేను ఒక బాలికల హాస్టలు కమిటీలో సభ్యుణ్ణి. సంఘం నడిపే హాస్టలే. డబ్బు చాలలేదు. రాత్రిపూట ఉండే ఆయాను తీసేసి, గేటుకు తాళం వేసి, ఒక కెమెరా పెడితే సరిపోతుందని ప్రతిపాదన వచ్చింది. బల్ల చుట్టూ ఏడుగురం మగవాళ్లం. కాగితం నా దగ్గరకు వచ్చింది. పేరు, పని, జీతం అని గడులు ఉన్నాయి. నాకు ఆయిలు తాత గుర్తుకు వచ్చాడు. ఈమె రాత్రిపూట ఏం చేస్తుందో మనలో ఎవరికైనా తెలుసా అని అడిగాను. పడుకుంటుంది అన్నారు ఒకరు.

నా భార్యనూ, ఇంకొక పెద్దగారి భార్యనూ ఒక రాత్రి అక్కడ పడుకోమని పంపాం. వారు వచ్చి చెప్పినది ఇది. తొమ్మిదింటికి ఆయా మంచం మంచం తిరిగి తలలు లెక్కపెట్టింది. పదకొండింటికి ఆరో తరగతిలో కొత్తగా చేరిన పిల్ల అమ్మ కావాలని ఏడుస్తుంటే తన చాప ఆ పిల్ల మంచం పక్కకు లాక్కుంది. ఒంటిగంటకు ఉబ్బసం ఉన్న పిల్లను లేపి కూర్చోబెట్టి వీపు రాసింది. మొదటిసారి బట్టలు మైలపడిన ఒక పిల్లను ఎవరూ చూడకుండా స్నానాల గదికి తీసుకెళ్లి, ధైర్యం చెప్పి, దుప్పటి ఉతికి ఆరేసింది. నాలుగింటికి కరెంటు వచ్చే వేళకు మోటారు వేసింది. పడుకున్నది ఎప్పుడో వారికి కనబడలేదు. అన్నట్టు, పిల్లల్లో ఒకరు రెండు రోజులుగా అన్నం తినడం లేదని వార్డెనుకు చెప్పింది కూడా ఈమేనట. కెమెరాకు ఆకలి కనబడదు.

ఆయాను తీయలేదు. కానీ డబ్బు ఎక్కడో తగ్గించాలి గదా? ఆ సంవత్సరం కూటాలకు ఆర్చీలు కట్టలేదు, ఫ్లెక్సీలు వేయలేదు, బయటి ఊళ్ల నుంచి వచ్చే ప్రసంగీకులకు కారు బదులు బస్సు టికెట్టు ఇచ్చారు. ఆ ప్రసంగీకులలో నేనూ ఉన్నాను, నా నడుముకు ఆ సంగతి తెలుసు. ఆర్చీ మీద తన పేరు రాలేదని ఒక పెద్దాయన నొచ్చుకున్నారు. ఇప్పటికీ ఎదురుపడితే నాకు వందనం చెప్పరు.

ఇప్పుడు ఆ నర్సు సహోదరికి జవాబు. అమ్మా, నిర్గమకాండము 5వ అధ్యాయంలో దెబ్బలు తిన్న ఇశ్రాయేలీయుల నాయకులు ఎక్కడికి వెళ్లారో చూడు. తిన్నగా ఫరో దగ్గరకే వెళ్లారు. గడ్డి ఇవ్వడం లేదు, ఇటుకలు అడుగుతున్నారు, తప్పు మాది కాదు అని ముఖం మీద చెప్పారు. దేవుడు దానిని సణుగుడు అని లెక్కించలేదు. సణుగుడు అంటే చెప్పవలసినవాడికి చెప్పకుండా గుడారంలో కూర్చొని అనుకునేది. నువ్వు అడిగినది అది కాదు.

ఆమెకు విడిగా ఉత్తరం కూడా రాశాను. ఒంటరిగా వెళ్లవద్దమ్మా, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి. ఒక నోటుబుక్కు పెట్టండి. ఏ తేదీ, ఏ రాత్రి, ఎంతమంది రోగులు, ఎంతమంది మీరు, ఏ పని ఆలస్యమైంది, రాయండి. మీ కష్టం గురించి తక్కువ చెప్పండి, రోగికి ఏం జరగబోతుందో ఎక్కువ చెప్పండి. రోగుల పేర్లు ఎక్కడా రాయవద్దు. ఉద్యోగం పోతుందేమో అన్న భయం అబద్ధం కాదు, పోవచ్చు కూడా, ఇంట్లోవారితో ముందే మాట్లాడుకోండి అని రాశాను. ఫరో దగ్గరకు వెళ్లిన ఆ నాయకులకు ఆ రోజు మేలు జరగలేదు. తిరిగి వస్తూ దారిలో మోషేనే తిట్టారు. ఆ సంగతి దాచిపెట్టి ఆమెకు ధైర్యం చెప్పలేను.

పోయిన వారం ఆమె దగ్గర నుంచి రెండో ఉత్తరం వచ్చింది. ముగ్గురు కలిసి నోటుబుక్కుతో వెళ్లారట. సూపరింటెండెంటుగారు మొదట విసుక్కున్నారట. నాలుగు పేజీలు తిప్పాక విసుగు ఆపారట. తరువాతి గురువారం రాత్రి రెండింటికి, ఎవరికీ చెప్పకుండా, ఆయనే వార్డుకు వచ్చారట. ఒక గంటసేపు స్టూలు మీద కూర్చున్నారట. ఆ గంటలో ఒకేసారి మూడు మంచాల నుంచి పిలుపు వస్తే, మూడో మంచం దగ్గరకు ఆయనే లేచి వెళ్లారట. ఇంకా ఏ నిర్ణయమూ చేయలేదు. నర్సులు ఇప్పటికీ ఇద్దరే.

శ్రోతలారా, సమయం అయిపోతోంది. ఈ రాత్రి మళ్లీ డ్యూటీకి వెళ్లవలసిన ఆ సహోదరిని, వెళ్లేలోపు కాసేపు నిద్రపోవలసిన మీ అందరినీ తలచుకొని, ఒక్క నిమిషం తలలు వంచి ప్రార్థనలో ఉందాం.